పొదుగు మీది పెట్ట: వాడ కోళ్ల చరిత్రకు కొన్ని ఆధారాలు

తెలుగువాళ్ల చరిత్రలో కోడి గట్టిగా కనబడేది ఒక్కచోటే. అది పల్నాటి కథ. పన్నెండో శతాబ్దంలో నాగమ్మ, బ్రహ్మనాయుడు పుంజులను పందేనికి దించారనీ, ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు ఊరు విడిచిపోయిందనీ, ఆ పగ కారంపూడి యుద్ధం దాకా పోయిందనీ బడి పిల్లలకు కూడా తెలుసు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడనీ కూడా ఆ కథే చెబుతుంది. దళిత రచయితలు కన్నమదాసు గురించి ఎంతో కొంత రాశారు. ఆ పుంజులను పొదిగిన పెట్టలు ఎవరింటివి, గుడ్డు నుంచి పందెం దాకా వాటిని గద్ద నోట్లో పడకుండా కాసిందెవరు అని మాత్రం ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఈ వ్యాసం మొదలుపెట్టే దాకా మేమూ అడగలేదు.

మా చదువు కోళ్ల మీద నడిచింది. పదో తరగతి పరీక్ష ఫీజుకు రెండు పెట్టలు, ఇంటర్‌లో చేరడానికి ఒక పుంజూ నాలుగు పెట్టలూ అంగడికి పోయాయి. విశ్వవిద్యాలయానికి వచ్చి భూమి సంబంధాల మీద, వెట్టి మీద పుస్తకాలు చదివాక ఒక సంగతి తట్టింది. ఈ పుస్తకాల్లో ఎడ్లున్నాయి, బర్లున్నాయి, గొర్రెల మందలున్నాయి. మమ్మల్ని చదివించిన జీవి మాత్రం ఎక్కడో ఒక వాక్యంలో, అధికారి పళ్లెంలో వండిన కూరగా తప్ప లేదు.

దీనికి కారణం ఉంది. మన పల్లె చరిత్రను కులవృత్తుల లెక్కన రాస్తారు. వెట్టి గురించి రాసినప్పుడూ అంతే. మాదిగలు చెప్పులూ తోలు పనిముట్లూ ఇవ్వాలి, గౌండ్లవాళ్లు కల్లు పోయాలి, గొల్లకుర్మలు గొర్రెనివ్వాలి, కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణ పోరాట గ్రంథంలో వెట్టి వర్ణన ఈ పద్ధతిలోనే సాగుతుంది. అది విలువైన వర్ణన, అందులో అనుమానం లేదు. అయితే కోడి ఏ కులానికీ వృత్తి కాదు. కోళ్లు పెంచే కులమంటూ లేదు. భూమి లేని ఇంట్లో ఆడమనిషి తన చేతి కింద పెంచుకున్నది కోడి. మగవాణ్ణి అడగకుండా అమ్ముకోగలిగిన ఆస్తి ఆమెకు అదొక్కటే. వృత్తి కాదు కాబట్టి వృత్తుల పట్టికలో లేదు. ఆడవాళ్లది కాబట్టి ఆస్తి లెక్కలోనూ లేదు.

కోడిని ఎవరు పెంచుతారు, ఎవరు పెంచరు అనేదానికి శాస్త్రం తోడుంది. మనుస్మృతి అయిదో అధ్యాయం 19వ శ్లోకం ద్విజుడికి నిషేధించిన వాటిలో ఉల్లి, వెల్లుల్లి, పుట్టగొడుగులు, ఊరపందితో పాటు ఊరకోడి ఉంది. తెలిసి తింటే పతితుడవుతాడు. అక్కడ చెప్పింది ఊరకోడి అని, అడవికోడి అని కాదు. రెండూ ఒక జాతి పక్షులే. ఊరకోడి మనిషి పెరట్లో, పెంటకుప్ప మీద, మన మధ్య తిరుగుతుంది. దాని మైల అదన్నమాట! శాస్త్రానికి జీవి కంటే అది తిరిగే వాడ ముఖ్యమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కోడి మనిషి దగ్గరికి ఎట్లా వచ్చిందో ఇప్పటి పరిశోధన చెబుతున్నది. 2022లో వెలువడిన అధ్యయనాల ప్రకారం కచ్చితంగా పెంపుడు కోడి అని చెప్పదగిన ఎముకల్లో పాతవి మధ్య థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో దొరికాయి, క్రీస్తుకు పూర్వం 1650 నుంచి 1250 మధ్యవి. వరి, చిరుధాన్యాలు పండించిన చోట రాలిన గింజల కోసం అడవికోడి ఊరికి చేరిందని ఆ పరిశోధకులు అంటున్నారు. మా వాడలో ఈ మాటకు ఎవరూ ఆశ్చర్యపోరు. కళ్లం ఊడ్చిన మట్టిగింజలు, కోత అయ్యాక ఏరుకున్న పరిగె, దంపుడులో మిగిలిన తవుడు, నూకలు, వీటి మీదనే మా కోళ్లు బతికాయి. దొర పొలంలో మా శ్రమకు దక్కని గింజ, రాలిపోయాక మా కోడికి దక్కింది.

ఇక పొదుగు సంగతి. ఇది కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఇదంతా పాఠ్యపుస్తకం లేని శాస్త్రం. పెట్ట గుడ్లు పెట్టడం ఆపి, ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికి పోతే కొరకొరలాడితే అది పొదుగుకొచ్చిందని గుర్తు. గంపలో ఇసుకో ఊకో పోసి, పైన గడ్డి పరిచి పది నుంచి పదమూడు గుడ్లు పెడతారు. పెట్ట రెక్క కిందికి ఎన్ని వస్తాయో అన్నే. పేలు పట్టకుండా సీతాఫలం ఆకో వావిలాకో అడుగున వేస్తారు. ఉరుములకు గుడ్లు మురుగుతాయని ఒక ఇనుపముక్క, ఒక బొగ్గుముక్క పెడతారు. ఇనుము ఉరుమును ఆపుతుందని మేము నమ్మం. అయితే ఎండలు ముదిరాక పెట్టిన గుడ్లు ఎక్కువ మురుగుతాయన్నది నిజం, అందుకే మా అమ్మ చలికాలం పొదుగునే నమ్మేది. వారం గడిచాక రాత్రిపూట గుడ్డును పిడికిట్లో పట్టి దీపానికి అడ్డం పెట్టి చూసేది. లోపల ఎర్రటి నరాలు కనబడితే పిల్ల ఉన్నట్టు, బోసిగా వెలుగు దాటితే లేనట్టు. లేని గుడ్డును తీసేసేది. ఇరవై ఒకటో రోజు పిల్లలు పొట్టు పగలగొట్టుకుని వచ్చేవి. ఆఖరి మూడు రోజులు గుడ్లను తిప్పనిచ్చేది కాదు, గంప దగ్గరికి మమ్మల్ని రానిచ్చేది కాదు. తర్వాత పుస్తకాల్లో చదివితే హేచరీ యంత్రాల్లో కూడా పద్దెనిమిదో రోజు తర్వాత గుడ్లు తిప్పడం ఆపేస్తారని తెలిసింది.

పిల్లలకు మొదటి మేత సన్న నూకలు. ఆ తర్వాత చెదలు. పాత కుండలో పేడా గడ్డీ కుక్కి, తడిపి, చెదపుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లారేసరికి నిండా చెదలు పడతాయి. కుండ తెచ్చి పిల్లల ముందు దులిపితే చూడాలి వాటి సంబరం.

కోడికి శత్రువులు చాలా. పగలు గద్ద, కాకి, ముంగిస. రాత్రి బావురుపిల్లి, పాము. గద్ద నీడ నేల మీద కదిలితే పెట్ట ఒక రకంగా అరుస్తుంది, పిల్లలన్నీ రెక్కల కిందికి దూరతాయి. ఆ అరుపు వినబడితే వాడలో ఎవరున్నా బయటికొచ్చి కేకలు వేసేవాళ్లు. కోడి ఎవరిదని చూసేవాళ్లు కాదు. చచ్చిన కాకిని కర్రకు కట్టి పెరట్లో పాతితే మిగతా కాకులు కొన్నాళ్లు దూరం జరుగుతాయి. పొద్దుగూకితే పిల్లలతో ఉన్న పెట్టను గంప కింద కమ్మి పైన రాయి పెట్టాలి. మట్టిగూటికి బండపలక అడ్డం పెట్టాలి. తడక చాలదు, బావురుపిల్లి సందు చేసుకుంటుంది. ఈ పనంతా కూలికి పోయి వచ్చాక, పొయ్యి వెలిగించే ముందు చేసేది. కూలి లెక్కలో దీనికి పద్దు లేదు.

అయితే మా నాయినమ్మ చెప్పే శత్రువుల జాబితా వేరు. ఆమె నిజాం కాలంలో పిల్ల. గిర్దావరు, పోలీసు అమీను, తహసీలు కచేరీ వాళ్లు దౌరాకు వస్తే పటేలు ఇంట్లోనో చావడిలోనో దిగేవాళ్లు. వాళ్ల మర్యాదలకు కోళ్లు వాడ నుంచి పోవాలి. పైసలుండవు. పట్టుకుపోవడానికి వచ్చేది మన సుంకరే, మన వాడ మనిషే, వరసకు బాబాయో మామో. రాకపోతే అతని వీపు పగిలేది. కాబట్టి తిట్టడానికి కూడా దొర కనబడడు, కనబడేది సొంత మనిషి చెయ్యి. వెట్టి గురించి రాసేటప్పుడు మనం ఈ సంగతి దాటేస్తున్నామని మా అభిప్రాయం. వెట్టి గడీలో మాత్రమే జరగలేదు. వాడలో ఒకరి చేత ఇంకొకరి గంప ఎత్తించింది.

దౌరా వస్తున్నదని తెలిస్తే ఆడవాళ్లు కోళ్లను గుమ్ముల్లో, ఇంటి అటకల మీద దాచేవాళ్లు. పుంజు కూసిందంటే దొరికిపోయినట్టే. నాయినమ్మ మాటల్లోనే చెబితే: “పుంజులను చెట్టెక్కించెటోళ్లం బిడ్డా. పొదుగుల కూసున్న పెట్టనేం జేస్తం? అది లేవదు గద. సుంకరికి అదే సులువుగ దొరికేది.” పొదుగు మీది పెట్ట చిక్కి ఉంటుంది, దానిలో కూర కూడా తక్కువే. అయినా చేతికి అందేది అదే కాబట్టి అదే పోయేది. వెనక గంపలో పన్నెండు గుడ్లు చల్లబడి మురిగిపోయేవి. వెట్టి కింద పోయింది ఒక కోడి అని రాస్తే లెక్క తప్పు. ఆ ఇంటికి పోయింది ఒక ఏడాది.

1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో సంఘం బలపడ్డ ఊళ్లలో వెట్టి ఆగింది. భూమి పంచడం, అప్పుపత్రాలు కాల్చడం గురించి మనకు చాలా రాతలున్నాయి. నాయినమ్మకు గుర్తున్న విముక్తి ఏమిటంటే, అధికారి వచ్చినా పెట్ట గంపలోనే ఉండడం. ఇది చిన్న విషయమని కొందరు మిత్రులు అన్నారు. ఆమెకు పంపకంలో సెంటు భూమి రాలేదు. వచ్చింది ఇదే.

మన సంస్కర్తలు కూడా కోడిని ఇంకో వైపు నుంచి చూశారు. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో జంతుబలికీ, మద్యానికీ వ్యతిరేకంగా ప్రచారం చేశారు. 1950లో మద్రాసు రాష్ట్రం గుళ్లలో జంతువులనూ పక్షులనూ బలివ్వడాన్ని నిషేధిస్తూ చట్టమే చేసింది. పోచమ్మకు కోసిన కోడి మళ్లీ మన కుండలోకే వచ్చేది, ఏడాదిలో మాంసం తినే కొద్దిరోజుల్లో అదొకటి. ఈ వివాదాన్ని ఇక్కడ తేల్చబోవడం లేదు. వర్మగారి ఆత్మగౌరవ ఆరాటాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. గుడి వైపు అంత చూసిన సంస్కరణ, కోడిని పెంచిన మనిషి వైపు చూడలేదన్నదే మా మాట.

స్వాతంత్ర్యం తర్వాత సర్కారు పశువైద్యం పల్లెకు వచ్చింది. కొక్కెర తెగులును 1920ల చివర్లో రాణిఖేత్‌లో గుర్తించారు, ఆ పేరే దానికి నిలిచింది. 1940లలో ముక్తేశ్వర్ పరిశోధనా సంస్థలో టీకా తయారైంది. అంటే మందు మా అమ్మ పుట్టక ముందే ఉంది. అయినా మా చిన్నతనంలో ఎండాకాలం ముందర తెగులు వస్తే వాడ వాడంతా ఖాళీ అయ్యేది. కోడి మెడ తిప్పుకుంటుంది, పచ్చగా పారుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. పిల్లకు మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, నెలకు ఇంకోసారి, ఎనిమిది వారాలకు ఆర్‌ టు బి సూది. ఉన్న పని ఇంతే. సీసా చల్లగా ఉండాలి, విప్పిన కొద్ది గంటల్లో వాడేయాలి, ఒక సీసాలో వందకు పైగా కోళ్లకు సరిపడా మందుంటుంది. అంటే వాడంతా ఒక పొద్దున కోళ్లను గంపల కిందనే ఉంచి ఒక్కసారి వేయించుకోవాలి. మేము చదువుకునే రోజుల్లో ఊరి పశువుల దవాఖాన మనిషి పెద్దరైతుల బర్లకు సూది వేసి తిరిగిపోయేవాడు. కోళ్లకని అడిగితే నవ్వేవాడు. గుడ్డుకూ కోడికీ అంత పెద్ద వ్యాపారం నడుస్తున్న రాష్ట్రంలో ఇది జరిగింది.

ఆ వ్యాపారం సంగతీ చెప్పుకోవాలి. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. భూమీ, బ్యాంకు పూచీ, కరెంటు కనెక్షనూ ఉన్నవాళ్లు షెడ్లు వేశారు. మన వాళ్లు ఆ షెడ్లలో పెంట ఎత్తే కూలీలయ్యారు. 1951లో దేశంలో కోళ్లు ఏడు కోట్ల ముప్పై అయిదు లక్షలు, దాదాపు అన్నీ పెరటివే. 2019 పశుగణనలో 85 కోట్లు దాటాయి, అందులో 53 కోట్ల పైన షెడ్లవి. అయినా పెరటి కోళ్లు 31 కోట్ల 70 లక్షలున్నాయి, 2012తో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. పోయిందనుకున్నది పోలేదు. పైగా నీచుకంపని ముక్కు మూసుకున్నవాళ్లే ఇవాళ నాటుకోడి పులుసని హోటళ్లకు బోర్డులు పెడుతున్నారు.

1988లో రాజేంద్రనగర్‌లో మొదలైన కోళ్ల పరిశోధనా సంస్థ పెరట్ల కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేసింది. నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే ఇవి వంద దాటుతాయి. ఇది మంచి పనే. వాటి పిల్లలను పథకాల కింద ఆడవాళ్ల సంఘాలకు పంచారు కూడా. అయితే వాటిలో పొదుగు గుణం దాదాపు పోయింది. గుడ్డు ఎక్కువ రావాలంటే పెట్ట పొదుగుకు కూచోకూడదు. కాబట్టి ప్రతిసారీ పిల్లల కోసం హేచరీ దగ్గరికి పోవాలి. ఒళ్లు బరువు, చెట్టెక్కలేవు, కుక్కకూ పిల్లికీ త్వరగా దొరుకుతాయి. నిజాం కాలంలో సుంకరి పొదుగు మీది పెట్టను ఎత్తుకుపోయాడు. ఇప్పుడు పెట్ట మిగిలింది, పొదుగు పోయింది. రెండింటినీ ఒక గాటన కట్టడం లేదు. ఇవ్వడానికీ గుంజుకోవడానికీ తేడా మాకు తెలుసు. కానీ ఆ రకం తయారుచేసేటప్పుడు, పొదుగు వదులుకోవడానికి మీకు సమ్మతమా అని మా అమ్మలాంటి వాళ్లను అడిగినట్టు మాకు ఎక్కడా కనబడలేదు.

నిరుడు చలికాలం వాడకు పోయినప్పుడు నాటు పెట్ట మూడిళ్లలోనే ఉంది. మిగతా ఇళ్లవాళ్లు తమ వనరాజా గుడ్లు తెచ్చి ఆ మూడు పెట్టల కింద వేయిస్తున్నారు. పుట్టిన పిల్లల్లో పెట్ట యజమానికి సగం, గుడ్లవాళ్లకు సగం. ఈ పాలు పద్ధతి పాతదే, పెట్ట లేని ఇంటికి పెట్టను ఇలాగే ఇచ్చేవాళ్లు. మా అమ్మ పెట్ట కింద పదకొండు గుడ్లున్నాయి, అందులో ఆమెవి నాలుగే. రాత్రి దీపానికి అడ్డం పెట్టి చూసి, రెండు బోసిపోయాయని తీసేసింది. ఆ రెండు ఎవరి గుడ్లో బొగ్గుతో గీసిన గుర్తును బట్టి చెప్పి, పొద్దున్నే ఆ ఇంటికి కబురు చేసింది.