ఊరి అంచుకు నెట్టిన ఖర్చు: తూర్పు హైదరాబాద్‌లో మాంసం, పాలు, గుడ్ల ఉత్పత్తిపై ఒక పరిశీలన

అల్మాస్‌గూడ కాలనీల్లో చికెన్ సెంటర్ల ముందు బోర్డు మీద సాధారణంగా మూడు ధరలు ఉంటాయి: లైవ్, విత్‌స్కిన్, స్కిన్‌లెస్. పిల్ల ఖరీదు, దాణా, మందులు, వ్యాన్ కిరాయి, కోసేవాడి కూలి, దుకాణం అద్దె అన్నీ ఆ అంకెల్లోనే ఉన్నాయి. అందులోకి ఎక్కని ఖర్చుల గురించే ఈ వ్యాసం. కోళ్ల ఫారం ఉన్న ఊళ్లో బావినీళ్లు చెడితే ఆ నష్టం బోర్డు మీదికి రాదు. బర్రెలకు గడ్డి కోసే మనిషి కాళ్లు మురికినీటిలో నాని పుండ్లు పడితే పాల ధరలో పైసా తేడా ఉండదు. హైదరాబాద్ ఈ ఖర్చును తగ్గించుకున్నది తక్కువ, పొలిమేర దాటించింది ఎక్కువ. పొలిమేర జరిగినప్పుడల్లా ఖర్చు కూడా ఇంకో ఊరికి జరిగింది. నిబంధనలు సైతం ప్రధానంగా దూరాన్నే కొలుస్తూ వచ్చాయి. ఈ వాదనను తూర్పు, ఆగ్నేయ శివార్ల అనుభవం ఆధారంగా ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఒకప్పుడు సరూర్‌నగర్ మండలంలో ఉన్న అల్మాస్‌గూడ ఇప్పుడు బాలాపూర్ మండలం కిందికి వస్తుంది. పక్క ఊళ్లతో పాటు బడంగ్‌పేట పురపాలికలో కలిసింది. 2019లో బడంగ్‌పేట నగరపాలక సంస్థ అయింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ నిండిపోయాక జనం సాగర్ రోడ్డు వెంట, నాదర్‌గుల్ వైపు ఇళ్లు కట్టుకుంటూ పోయారు. పొలాలు ప్లాట్లయ్యాయి, జీవాలు మేసే బీళ్లూ ప్లాట్లయ్యాయి. పట్నానికి పాలు, గుడ్లు పంపే శివారు ఇప్పుడు వాటిని కొనుక్కునే శివారుగా మారింది. పోషించే ఊరు, తినే ఊరు ఒకే తరంలో తారుమారైన ఇలాంటి చోటు నుంచి చూస్తే ఖర్చు ఎటు నుంచి ఎటు కదిలిందో తేలిగ్గా తెలుస్తుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. మాంసం మానేయాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 2014 నాటి శాంపుల్ రిజిస్ట్రేషన్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో రోజూ గుడ్డు, పాలతో భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం 2015 నుంచి నడుస్తోంది. రక్తహీనత ఇంత విస్తారంగా ఉన్న సమాజంలో ఆ గుడ్డు విలువ చిన్నది కాదు. తిండిని బట్టి కులాన్ని చిన్నచూపు చూసే అలవాటు ఇంకా పోలేదు. అలాంటి చోట పర్యావరణం పేరు చెప్పి పేదల కంచంలోకి తొంగిచూడటం అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. ప్రశ్నించాల్సింది తినేవారిని కాదు, తయారుచేసే పద్ధతిని, దాని నష్టాన్ని ఎవరు మోస్తున్నారన్న సంగతిని.

తొర్రూరు నుంచి బాటసింగారం దాకా

పెరటి కోడిని పరిశ్రమగా మార్చిన ప్రాంతాల్లో హైదరాబాద్ పరిసరాలు ముందువరసలో ఉన్నాయి. బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. గుడ్ల రైతులను ఒక ధర కిందికి తెచ్చిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ 1982లో ఏర్పడింది. దళారులు చెప్పిన ధరకు గుడ్లు అమ్ముకున్న రైతులకు అది నిజంగానే ఊరట. 2019 పశుగణన నాటికి తెలంగాణలో కోళ్ల సంఖ్య దాదాపు 8 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 10 కోట్లకు పైగా. తమిళనాడు తరవాతి రెండు స్థానాలూ మనవే.

లేయర్ ఫారం లోపలికి వెళ్తే మొదట ముక్కుకు తగిలేది అమ్మోనియా. వరసగా పేర్చిన ఇనుప జాలీ గూళ్లు, ఒక్కో గూట్లో మూడు నాలుగు కోళ్లు. ఒక కోడికి దక్కే జాగా దాదాపు 450 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక ఏ4 కాగితం కన్నా తక్కువ. రెక్క చాపే వీలుండదు. జాలీ వాలుగా ఉంటుంది కనుక పెట్టిన గుడ్డు దొర్లి ముందుకొస్తుంది; రెట్ట కింద గోతిలో నెలల తరబడి కుప్పపడుతుంది. తడి తగిలితే ఆ కుప్పలోంచే ఈగలు పుడతాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అన్నం మీద మూత తీయలేని రోజులుంటాయి. ఈ గూళ్ల పద్ధతిని మార్చాలని లా కమిషన్ 2017లో తన 269వ నివేదికలో సిఫారసు చేసింది.

ఇంత ఇరుకులో వేలాది కోళ్లు ఉన్నప్పుడు ఒక వైరస్ చొరబడితే ఏమవుతుందో 2015 ఏప్రిల్‌లో తొర్రూరు చూసింది. అది అప్పటి హయత్‌నగర్ మండలంలోని ఊరు, సరూర్‌నగర్ మండలానికి పొరుగు. చనిపోయిన కోళ్ల నమూనాల్లో బర్డ్‌ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 ఉందని భోపాల్‌లోని ప్రయోగశాల తేల్చింది. లక్షకు పైగా కోళ్లను చంపి పూడ్చాల్సి వచ్చింది. ఒళ్లంతా కప్పే సూట్లు, మాస్కులు, కళ్లద్దాలతో ఏప్రిల్ ఎండలో ఆ పని చేసినవారు పశుసంవర్ధక శాఖ సిబ్బంది, కూలీలు. పదేళ్ల తరవాత, 2025 ఏప్రిల్‌లో, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారంలో మళ్లీ బర్డ్‌ఫ్లూ బయటపడింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను తరలించింది కూడా ఈ బాటసింగారానికే. పట్నం ఇరుకనుకున్నవన్నీ ఒకే రోడ్డు వెంట తూర్పుకు వెళ్తున్నాయి. ఆ ఏడాది మార్చిలోనే పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది.

పరిహారం సంగతి ఇక్కడే చూడాలి. రోగాన్ని అదుపు చేయడానికి ప్రభుత్వం చంపించిన కోడికి పరిహారం ఉంది, రోగంతో ముందే చచ్చిన కోడికి లేదు. త్వరగా సమాచారం ఇస్తే రైతుకు మేలన్నది దీని వెనకున్న ఆలోచన. కానీ అప్పుల మీద నడిచే ఫారంలో మొదటి రోజు వంద కోళ్లు చచ్చినప్పుడు, అది మామూలు తెగులేనని సరిపెట్టుకుని మిగిలినవాటిని అమ్మేయాలన్న ఒత్తిడి కూడా అంతే బలంగా ఉంటుంది. ఫారంలోనే కాపురం ఉండే వలస కూలీలకైతే షెడ్డు ఖాళీ అయిన నెలల జీతం గురించి మాట్లాడే నిబంధన ఏదీ ఈ ఏర్పాటులో లేదు.

మందుల ప్రశ్న ఇంకా లోతైనది. రోగం రాకముందే దాణాలో, నీళ్లలో యాంటీబయాటిక్ కలపడం ఈ పరిశ్రమలో చాలాకాలం మామూలు పద్ధతి. ఆసుపత్రిలో చిట్టచివరి ఆయుధంగా దాచుకునే కోలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడకూడదని కేంద్రం 2019 జులైలో గాని నిషేధించలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు తెలంగాణ, కేరళ కోళ్ల ఫారాల నమూనాల్లో మందులకు లొంగని బ్యాక్టీరియా జన్యువులను గుర్తించారు. కోడి ముట్టని ఇంట్లోనూ ఈ ఖర్చు పడుతుంది, ఏ మూత్రనాళ ఇన్ఫెక్షనో మందుకు తగ్గనప్పుడు.

మూసీ గడ్డి, పట్నం పాలు

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నగరం దాటేసరికి మురుగునీటి ప్రవాహమవుతుంది. నాగోలు, ఉప్పల్, పీర్జాదిగూడ, పర్వతాపూర్ మీదుగా దిగువకు పోయే ఆ నీటి ఒడ్డున దశాబ్దాలుగా పండుతున్న ప్రధాన పంటల్లో ఒకటి పారా గడ్డి. నీళ్లు నిలిచిన నేలలో బలంగా పెరిగే ఆఫ్రికా జాతి గడ్డి ఇది. మురుగులోని నత్రజని దానికి ఎరువు, కరువన్నది లేదు, ఏడాది పొడవునా కోతే. నగరంలోని తబేలాల (పాడి పశువుల కొట్టాల) బర్రెలకు పచ్చిమేత దీనినుంచే చాలావరకు వచ్చింది.

కోత ఎలా ఉంటుందంటే, ఆడమనుషులు, మగవాళ్లు పిక్కల లోతు నల్లటి నీళ్లలో నిలబడి కొడవలితో గడ్డి కోసి, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి మోసుకొస్తారు. ట్రాలీ ఆటోలు తెల్లారేసరికి వాటిని తబేలాలకు చేరుస్తాయి. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు 2000 తరవాతి దశకంలో ఈ ఒడ్డునే పనిచేశారు. శుద్ధి కాని మురుగుతో సాగుచేసే కుటుంబాల్లో కొంకిపురుగు, ఏలికపాము వంటి పేగు పురుగులు, కాస్త మెరుగైన నీటితో సాగుచేసే దిగువ ఊళ్ల కుటుంబాల కన్నా ఎక్కువగా ఉన్నట్టు వారు 2008లో ప్రచురించారు. అదే గడ్డి వందల కుటుంబాలకు కూడు పెట్టిందన్నదీ ఆ సంస్థ పరిశోధనల్లోనే ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడాలి. గడ్డిని నిషేధించడం సులువు, ఆ కూలీకి వేరే పని చూపించడం కష్టం.

ఈ నీటిలో ఇళ్ల మురుగు ఒక్కటే ఉండదు. పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు విపరీతమైన మోతాదులో ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో వెల్లడించారు. ఆ నీటిని అక్కడి వాగుల్లోకి వదలకుండా 18 కిలోమీటర్ల గొట్టంతో నగర మురుగు వ్యవస్థలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చే ఏర్పాటు జరిగింది. పడమటి శివారు బాధను తూర్పు శివారు మీదికి మళ్లించడం అంటే ఇదే. అంబర్‌పేటకు దిగువనే గడ్డి మళ్లు మొదలవుతాయి.

తబేలా వైపు చూస్తే, ఒక్కో పెద్ద పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పెండ వేస్తుందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అంచనా. యాభై బర్రెలుంటే రోజుకు టన్ను దాకా. ఊళ్లో ఉన్నప్పుడు ఆ పెండ పొలానికి బలం. పొలం ప్లాటయ్యాక అదే పెండను నీళ్లు కొట్టి నాలాలోకి తోస్తున్నారు, నాలా చెరువులోకి తోస్తోంది. బర్రె మారలేదు, దాని చుట్టూ ఉన్న నేల మారింది.

దుకాణం వెనక డ్రమ్ము

రెండు కిలోల బ్రాయిలర్ కోడి దాదాపు 40 రోజుల్లో, మూడు కిలోలకు పైగా దాణా తిని తయారవుతుంది. ఆ దాణా మక్కజొన్న, సోయా చెక్క. కోశాక ఈకలు, చర్మం, పేగులు, తల, కాళ్లు పోగా బరువులో దాదాపు మూడో వంతు దుకాణం వెనకున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పడుతుంది. దాన్ని శుద్ధి ప్లాంటుకు పంపి పొడి, నూనె తీయాలన్నది పద్ధతి. అందులో కొంత అర్ధరాత్రి వ్యాన్లెక్కి క్యాట్‌ఫిష్ చెరువులకు చేరుతోందని రెండు రాష్ట్రాల్లోనూ తరచూ కేసులు నమోదవుతున్నాయి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అయినా ఉచితంగా దొరికే మేత ఉన్నంతకాలం ఆ చెరువులు తవ్వేవాళ్లు తవ్వుతూనే ఉన్నారు.

బ్రాయిలర్ పెంపకంలో చాలా భాగం ఇప్పుడు కాంట్రాక్టు మీద నడుస్తోంది. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, రాత్రింబవళ్ల కాపలా రైతువి. కిలోకు ఇంతని పెంపకం కూలి ఇస్తారు. మార్కెట్లో ధర పడిపోతే దెబ్బ రైతుకు నేరుగా తగలదన్నది ఈ పద్ధతిలోని మేలు, కాదనలేం. కానీ పిల్లలు తన ఆస్తి అని చెప్పుకునే కంపెనీ, వాటి రెట్టను గానీ చచ్చిన కోళ్లను గానీ తనవని చెప్పుకోదు. కాలుష్యం కేసు వస్తే నోటీసు అందుకునేది షెడ్డు కట్టుకోవడానికి బ్యాంకు అప్పు చేసిన రైతే. ఈ అసమానతను చట్టం ఇంకా పట్టించుకోలేదని నాకు అనిపిస్తుంది.

అయిదు వందల మీటర్లు

చాలాకాలం లక్షకు తక్కువ కోళ్లున్న ఫారాలు కాలుష్య మండలి మార్గదర్శకాల పరిధిలోకే రాలేదు. 2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం తరవాత 5 వేలు దాటిన ఫారాలను దశలవారీగా అనుమతుల కిందికి తెచ్చారు. నివాస ప్రాంతానికి 500 మీటర్లు, చెరువులకు, కాలువలకు, తాగునీటి బావులకు 100 మీటర్ల దూరం ఉండాలన్నది నిబంధన. చెప్పుకోదగ్గ ముందడుగే. కానీ ఈ నిబంధన ఊరు కదలదనుకుని రాసినది. ఎల్బీనగర్ చుట్టూ ఊరు కదులుతూనే ఉంది. పొలాల మధ్య కట్టిన షెడ్డు చుట్టూ కొన్నేళ్లలో వెంచర్లు వెలుస్తాయి. వాసన భరించలేమని కొత్త కాలనీవాళ్లు ఫిర్యాదు చేస్తారు, వారి బాధా నిజమే. ఫారం యజమాని నేల అమ్ముకుని ఇబ్రహీంపట్నం, యాచారం అవతల ఇంకో షెడ్డు కడతాడు. అతనికి నేల ధర దక్కింది, కాలనీకి గాలి దక్కింది. పాత ఫారం కింద భూగర్భంలోకి దిగిన నైట్రేటు మాత్రం అక్కడే ఉంటుంది, ఆ ప్లాటు కొన్నవాళ్ల బోరులోకి వస్తుంది. కొత్త ఊరికి మళ్లీ మొదటినుంచీ ఈగలు.

భూగోళం స్థాయిలో కూడా లెక్క ఇంకా కుదురుకోలేదు. మనిషి వల్ల వెలువడే వేడివాయువుల్లో పశుపోషణ వాటా 18 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2006లో చెప్పింది, 2013లో 14.5 శాతమని, 2023లో 12 శాతమని సవరించింది. కొలిచే తీరు మారడం ఇందుకొక కారణం. ఆ మొత్తంలో పెద్ద భాగం నెమరువేసే పశువులది. కోడి వాటా తక్కువ. అందుకని ఆ పశువుల మాంసం నుంచి కోడికి మారితే సరిపోతుందనే సలహా తరచూ వినిపిస్తుంది. తొర్రూరు, బాటసింగారం అనుభవం చూశాక ఆ సలహాను నేను ఒప్పుకోలేను. వాయువు తగ్గినచోట రోగం, మందు, ఈగ పెరిగితే ఆ నష్టాన్ని ఏ టన్నుల్లో కొలుస్తాం?

చేయగలిగినవి ఉన్నాయి, వాటిలో కొన్నింటికి ఇప్పుడున్న చట్టం చాలు. కాంట్రాక్టు కంపెనీని అనుమతి పత్రంలో సహ బాధ్యుడిగా చేర్చాలి. ఫారం మూతపడినప్పుడు, లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు, బావినీటిలో నైట్రేటు పరీక్ష తప్పనిసరి చేయాలి. కోళ్లను చంపాల్సి వచ్చినప్పుడు ఇచ్చే పరిహారంలో ఫారం కూలీల జీతానికి ఒక భాగం కేటాయించాలి. పారా గడ్డి మోపునూ, ఆ మేత తిన్న బర్రెల పాలనూ ఏడాదికి రెండుసార్లైనా భారలోహాలకు, మందుల అవశేషాలకు పరీక్షించి, ఫలితాలను నాగోలు, పీర్జాదిగూడ వార్డు కార్యాలయాల్లో తెలుగులో, ఉర్దూలో అతికించాలి. గడ్డి కోసేవారికి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, పిల్లలకు నులిపురుగుల మాత్రలు ఇవ్వడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం జాబితాలో వారి పేర్లు ఎక్కిస్తే చాలు.