సంజ్ఞ లేని బంతి

అమెరికా వారి బేస్‌బాల్ క్రీడలో క్యాచర్ అనువాని స్థానము మన క్రికెట్టులోని వికెట్ కీపరు స్థానమును పోలియుండును. బ్యాటు పట్టినవాని వెనుక నిలిచి, పిచర్ విసరిన బంతిని పట్టుట అతని పని. ఎట్టి బంతి రావలెనో వ్రేళ్ళతో సంజ్ఞ చేయువాడును సాధారణముగా అతడే. ఆ సంజ్ఞనుబట్టియే అతని చేతులు ముందుగా సిద్ధపడును. సంజ్ఞ లేనిచో బంతి వంకరగా వచ్చునో, వేగముగా వచ్చునో అతనికి తెలియదు.

మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఇట్టి బంతులనే పట్టవలసివచ్చెను. ఇతడు 1856లో ఒహాయో రాష్ట్రమున జన్మించిన నల్లజాతి యువకుడు, వైద్యుని కుమారుడు, ఓబర్లిన్ కళాశాలలోను, మిషిగన్ విశ్వవిద్యాలయములోను చదివినవాడు. 1883లో టొలీడో జట్టున చేరెను. మరుసటి యేడు ఆ జట్టు అమెరికన్ అసోసియేషన్ అను ప్రధాన లీగున ప్రవేశింపగా, వాకరు 42 ఆటలాడి, 40 హిట్లు కొట్టెను. జట్టులో పలువురికంటె ఇది మేలైన ఆటయే. నేటి క్యాచర్లు ధరించు దిండువంటి చేతితొడుగు అప్పటికింకను రాలేదు. వాకరు తరచు వట్టి చేతులతోనే బంతిని పట్టెడివాడు. వ్రేళ్ళు చితుకుట ఆ వృత్తిలో నిత్యకృత్యము.

ఆ జట్టు ప్రధాన పిచర్ టోనీ ములేన్. ఐర్లండునుండి వచ్చిన ఈతడు గొప్ప ఆటగాడే గాని, నల్లవాని ఆజ్ఞను పాటించుట తనకు చిన్నతనమని తలచెను. ఒకనాడు వాకరు వంకర బంతికి సంజ్ఞ చేయగా, ములేన్ కావలెనని వేగపు బంతిని విసరెను. వాకరు దానిని పట్టి, దగ్గరకు నడచివచ్చి, సంజ్ఞలు లేకయే పట్టెదను గాని ఇట్లు మోసగించినచో పట్టనని చెప్పెనట! ఆ యేడు మిగిలిన ఆటలన్నియు అట్లే సాగినవి. ఈ వృత్తాంతమును మనకు తెలిపినవాడు వాకరు కాడు, ములేనే. తాను బంతి విసరిన క్యాచర్లలో వాకరే ఉత్తముడని కూడ అతడు పెక్కేండ్లకు ఒప్పుకొనెను.

1887 జులై 14న, వాకరు ఆడుచున్న ఇంటర్నేషనల్ లీగు పెద్దలు ఇకమీదట నల్లవారితో క్రొత్త ఒప్పందములు చేసికొనరాదని తీర్మానించిరి. ఆ దినమే షికాగో నాయకుడు ఆన్సన్ వచ్చిన ఆటలో వాకరు బరిలో దిగలేదు. 1889లో సిరక్యూస్ జట్టును వీడినపిదప ఆ లీగున నల్లవానికి చోటు లేకపోయెను. 1908లో వాకరు ఒక చిన్న గ్రంథము ప్రకటించి, తనవారు ఆఫ్రికాకు మరలిపోవుటయే మేలనెను. మిషిగన్‌లో చదివినవాడు ఇంతటి నిరాశకు వచ్చుటకు ఎన్ని బంతులు తగిలియుండునో!

అతడు 1924లో మరణించెను. ప్రధాన లీగున మరల ఒక నల్లజాతి ఆటగాడు, జాకీ రాబిన్సన్, అడుగిడినది 1947లో.