హెలెన్ హాబ్స్: కాలేయం, కొలెస్ట్రాల్, గుండె

హెలెన్ హాబ్స్ (జననం: 1952) అమెరికాకు చెందిన వైద్య శాస్త్రవేత్త. టెక్సస్ రాష్ట్రంలోని డాలస్‌లో ఉన్న యూటీ సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రం ఆమె కార్యక్షేత్రం. రక్తంలో కొలెస్ట్రాల్, కాలేయంలో కొవ్వు ఒకరికి ఎక్కువగానూ మరొకరికి తక్కువగానూ ఎందుకు ఉంటాయో జన్యువుల్లో వెతకడం ఆమె జీవితకాలపు కృషి. సహచరుడు జొనాథన్ కోహెన్‌తో కలిసి చేసిన రెండు ఆవిష్కరణలతో ఆమె పేరు నిలిచింది. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ లోపించినవారికి గుండెజబ్బు అరుదని తేల్చడం మొదటిది. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులోని తేడా కాలేయానికి కొవ్వు పట్టిస్తుందని కనిపెట్టడం రెండవది. ఈ రెండూ ఆసుపత్రి మంచాల మీది రోగుల నుంచి కాక, మామూలు ఇళ్లలోని మామూలు మనుషుల నుంచి వచ్చాయి. హాబ్స్ కృషిలో అసలు విశేషం ఇదే.

తొలి దశ

హాబ్స్ 1979లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందారు. తర్వాత డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో శిక్షణ పొందుతుండగా వైద్య విభాగాధిపతి డొనాల్డ్ సెల్డిన్ ఆమెను పరిశోధన వైపు మళ్లించారు. అలా ఆమె మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌ల ప్రయోగశాలలో చేరారు. చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్‌ను రక్తం నుంచి లోపలికి లాక్కునే గ్రాహకాలు కణాల మీద, ముఖ్యంగా కాలేయ కణాల మీద ఉంటాయని కనిపెట్టి, 1985లో నోబెల్ బహుమతి అందుకున్నవారు ఆ ఇద్దరే. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు చెడితే కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే గుండెపోటు వస్తుంది. ఫ్రెంచ్ కెనడియన్లలో ఈ జబ్బు ఉన్న ఎక్కువమందికి ఒకే జన్యు లోపం ఉందని 1987లో హాబ్స్ బృందం చూపింది. గుండెజబ్బుకు మూలం ఒక్కోసారి కాలేయంలో ఉంటుందన్న ఎరుక ఆమె తర్వాతి పనంతటికీ పునాది అయింది.

డాలస్ గుండె అధ్యయనం

అరుదైన జబ్బున్న కుటుంబాల నుంచి నేర్చుకున్నది నగర జనాభాకు ఎంతవరకు వర్తిస్తుంది? ఈ ప్రశ్నతో 2000లో డాలస్ గుండె అధ్యయనం మొదలైంది. డొనాల్డ్ రేనాల్డ్స్ ఫౌండేషన్ నిధులిచ్చింది. కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి వివరాలు రాసుకుని, రక్త నమూనాలు తీసుకున్నారు. తర్వాత వేల మందిని కేంద్రానికి పిలిపించి గుండెకు, కాలేయానికి స్కానింగ్ చేశారు. వైద్య పరిశోధనల్లో తరచూ వెనుకబడిపోయే ఆఫ్రికన్ అమెరికన్లు ఇందులో సుమారు సగం ఉండేలా ముందే ఏర్పాటు చేశారు. ఇది న్యాయం కోసం చేసిన ఏర్పాటుగానే మిగల్లేదు. అది లేకపోతే కింద చెప్పబోయే ఫలితాలు ఈ రూపంలో దొరికేవి కావు.

పీసీఎస్‌కే9

2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు, కెనడాలోని నబీల్ సైదా కలిసి, పీసీఎస్‌కే9 జన్యువులో మార్పు వచ్చిన కొన్ని కుటుంబాల్లో ఎల్‌డీఎల్ విపరీతంగా పెరుగుతోందని ప్రకటించారు. ఈ ప్రొటీన్ కాలేయ కణం మీది గ్రాహకానికి అతుక్కుని, అది తిరిగి పైకి రాకుండా కణం లోపలే నాశనమయ్యేలా చేస్తుందని తర్వాత స్పష్టమైంది. గ్రాహకాలు తగ్గితే ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది.

కోహెన్, హాబ్స్ ప్రశ్నను తిప్పి వేశారు. ఈ ప్రొటీన్ అతిగా పనిచేస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, మరి అసలు పనిచేయకపోతే? అలాంటివారు ఏ వైద్యుడి దగ్గరికీ రారు, వారికి జబ్బే ఉండదు. డాలస్ అధ్యయనంలో ఎల్‌డీఎల్ బాగా తక్కువగా ఉన్న 128 మందిని ఎంచుకుని ఈ జన్యువును చదివారు. ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు 2 శాతం మందికి ప్రొటీన్‌ను మధ్యలోనే ఆపేసే మార్పులు ఉన్నాయనీ, వారి ఎల్‌డీఎల్ దాదాపు 40 శాతం తక్కువనీ 2005లో ప్రచురించారు.

కొలెస్ట్రాల్ తక్కువైతే గుండెకు మేలు జరిగిందా అన్నది తేలాలి. అందుకోసం అమెరికాలోని మరో పెద్ద అధ్యయనంలో 15 ఏళ్లపాటు గమనించిన 3,363 మంది నల్లజాతీయుల వివరాలు పరిశీలించారు. ఈ మార్పులున్నవారిలో ఎల్‌డీఎల్ సగటున 28 శాతం తక్కువ, గుండె ధమనుల జబ్బు 88 శాతం తక్కువ. అదే అధ్యయనంలోని శ్వేతజాతీయుల్లో కనిపించిన మరో స్వల్ప మార్పు ఎల్‌డీఎల్‌ను 15 శాతం తగ్గిస్తే, జబ్బు 47 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మధుమేహం, అధిక రక్తపోటు, పొగతాగే అలవాటు ఉన్నవారు చాలామంది ఉన్న సమూహంలో కూడా ఇంత రక్షణ కనిపించడం వైద్యలోకాన్ని కదిలించింది. నడివయసులో మొదలుపెట్టే మందులు ఇంత రక్షణ ఇవ్వలేవు. పుట్టుక నుంచీ తక్కువగా ఉండటమే ఇక్కడి బలం.

ఈ ప్రొటీన్ పూర్తిగా లేకపోతే ప్రమాదమా అన్న సందేహం మిగిలింది. రెండు జన్యు ప్రతులూ చెడి, రక్తంలో పీసీఎస్‌కే9 జాడే లేని ఒక యువతిని హాబ్స్ బృందమే గుర్తించింది. ఆమె ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 14 మిల్లీగ్రాములు మాత్రమే. ఆమె పూర్తి ఆరోగ్యంతో ఉంది. ఈ ప్రొటీన్‌ను అడ్డుకోవడం క్షేమమేనని ఔషధ సంస్థలకు ధైర్యం రావడానికి ఇంతకు మించిన ఆధారం ఉండదు. అడ్డుకునే ఇంజెక్షన్లు అలిరోక్యుమాబ్, ఎవొలోక్యుమాబ్ 2015లో అమెరికాలో అనుమతి పొందాయి. జన్యువు గుట్టు తెలిశాక పన్నెండేళ్లకే మందు రావడం వైద్య చరిత్రలో అరుదు. 2017లో ప్రకటించిన 27,564 మంది ప్రయోగంలో ఎవొలోక్యుమాబ్ ఎల్‌డీఎల్‌ను 59 శాతం తగ్గించి, గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులను 15 శాతం తగ్గించింది.

కొవ్వు కాలేయం

డాలస్ గుండె అధ్యయనంలోనే 2,287 మందికి కాలేయంలోని కొవ్వును మాగ్నెటిక్ రెజొనెన్స్ పద్ధతిలో కొలిచారు. 2004లో ప్రచురించిన ఆ ఫలితం కలవరపెట్టేదే: దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి కాలేయంలో కొవ్వు ఎక్కువ. వారిలో 79 శాతం మందికి కాలేయ ఎంజైమ్ రక్తపరీక్ష మామూలుగానే ఉంది. అంటే ఆ పరీక్షనే నమ్ముకుంటే ఎక్కువమంది దొరకరు. హిస్పానిక్‌లలో 45 శాతం మందికి, శ్వేతజాతీయుల్లో 33 శాతం మందికి, ఆఫ్రికన్ అమెరికన్లలో 24 శాతం మందికి ఈ సమస్య ఉంది. ఊబకాయం, ఇన్సులిన్ నిరోధకత ఎక్కువగా ఉన్నా ఆఫ్రికన్ అమెరికన్ల కాలేయంలో కొవ్వు తక్కువగా ఉండటం బరువు లెక్కలకు అందలేదు.

జవాబు 2008లో దొరికింది. స్టెఫానో రోమెయో మొదటి రచయితగా హాబ్స్ బృందం 9,229 జన్యుభేదాలను జల్లెడ పట్టింది. పీఎన్‌పీఎల్‌ఏ3 ప్రొటీన్‌లో 148వ స్థానంలో ఐసోల్యూసిన్‌కు బదులు మెథియోనిన్ చేరితే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. రెండు ప్రతులూ ఈ రకంవే అయినవారిలో కొవ్వు రెట్టింపుకు మించి ఉంది. ఈ రకం హిస్పానిక్‌లలో 49 శాతం, శ్వేతజాతీయుల్లో 23 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లలో 17 శాతం జన్యు ప్రతుల్లో ఉంది. జబ్బు వరస, జన్యువు వరస ఒకటే. ఇదే తేడా కాలేయం గట్టిపడే సిరోసిస్ ముప్పునూ పెంచుతుందని తర్వాత ఎన్నో దేశాల్లో రుజువైంది.

ఎలా పనిచేస్తుందన్నది మాత్రం ఏళ్లతరబడి చిక్కుముడిగానే ఉండిపోయింది. ఎలుకల్లో ఈ జన్యువును పూర్తిగా తీసేసినా కాలేయానికి కొవ్వు పట్టలేదు. లోపం ప్రొటీన్ లేకపోవడంలో లేదన్నమాట. మారిన ప్రొటీన్ విచ్ఛిన్నం కాకుండా తప్పించుకుని కొవ్వు బిందువుల మీద పోగుపడుతుందనీ, కొవ్వును కరిగించే పనికి అదే అడ్డు తగులుతుందనీ ఆ బృందం తర్వాత తేల్చింది. అందుకే ఈ ప్రొటీన్ ఉత్పత్తిని ఆపే మందుల మీద ఇప్పుడు పరీక్షలు సాగుతున్నాయి.

కాలేయం, గుండె విడిపోయే చోటు

కొవ్వు కాలేయం ఉన్నవారిలో గుండెజబ్బు ఎక్కువ. ఒకటి రెండోదానికి కారణమని అనుకోవడం సహజం. 2014లో హాబ్స్, కోహెన్ ప్రచురించిన టీఎం6ఎస్‌ఎఫ్2 జన్యుభేదం ఈ ఊహను కదిలించింది. అది ఉన్నవారి కాలేయం కొవ్వును రక్తంలోకి సరిగా పంపలేదు. ఫలితంగా కాలేయంలో కొవ్వు పెరుగుతుంది, రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది. గుండెకు కొంత రక్షణ కూడా కనిపించింది. పీఎన్‌పీఎల్‌ఏ3 తేడా విషయంలోనూ గుండెజబ్బు పెరిగినట్లు పెద్ద జన్యు అధ్యయనాల్లో తేలలేదు. కాబట్టి ఈ రెండు జబ్బులూ తరచుగా కలిసి కనిపించడానికి స్థూలకాయం, ఇన్సులిన్ నిరోధకత వంటి ఉమ్మడి కారణాలే ఎక్కువ అనుకోవాలి.

జన్యువుదే మొత్తం తీర్పు అనడానికి కూడా వీల్లేదు. 2017లో హాబ్స్ సహచరులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, పీఎన్‌పీఎల్‌ఏ3 రకం ఉన్నా సన్నగా ఉన్నవారిలో దాని ప్రభావం స్వల్పం. శరీర బరువు పెరిగేకొద్దీ అదే జన్యువు కలిగించే హాని పెరుగుతూ పోతుంది.