కిటికీకి నల్లగుడ్డ: యుద్ధం నుంచి మన బెడ్‌రూమ్ దాకా

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక కర్టెన్ ఉంది. మీలో చాలామంది ఆన్‌లైన్‌లో చూసే ఉంటారు, 'బ్లాకౌట్ కర్టెన్' అని. ఆ పేరులో ఒక యుద్ధం దాక్కుని ఉంది. ఆ యుద్ధం మన వైజాగ్ దాకా కూడా వచ్చింది. అయితే ముందు మా ఇంటి సంగతి చెప్తా. ఎందుకంటే నేను ఈ చరిత్ర వెతకడం మొదలుపెట్టింది అక్కడే.

మేం ఉండేది నాగోల్‌లో, రెండో అంతస్తులో. నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల మాలాంటి వాళ్లు ఎందరో ఉన్నారు. మా నాన్న 11 ఏళ్లుగా ఒక అపార్ట్‌మెంట్‌లో నైట్ డ్యూటీ వాచ్‌మన్. పొద్దున ఏడింటికి వచ్చి, చాయ్ తాగి, మొహం మీద తువాల కప్పుకుని పడుకునేవాడు. మా కిటికీ తూర్పు వైపు. ఎండ నేరుగా మంచం మీదికే వచ్చేది. పదింటికల్లా లేచి కూర్చునేవాడు. "ఏంది నాన్నా, అప్పుడే లేచినవ్?" అంటే, "వెలుగుల ఏం నిద్ర పడ్తది బిడ్డా" అనేవాడు.

పోయిన ఏడాది నాన్నకి షుగర్ అని తేలింది. డాక్టర్ మొదట అడిగిన ప్రశ్నల్లో ఒకటి, "రోజుకి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అని. నిద్ర తక్కువైనందుకే షుగర్ వచ్చిందని ఆయన అనలేదు, నేనూ అనను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇప్పుడు ఊళ్లో మా నాయనమ్మ ఇల్లు గుర్తు చేసుకుందాం. మందపాటి మట్టిగోడలు, చిన్న కిటికీలు, వాటికి చెక్క తలుపులు. అద్దం ముక్క ఒక్కటి లేదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ తలుపులు మూస్తే గదిలో చీకటే చీకటి. పాత బంగళాల్లో ఇంకో తెలివైన పని చేసేవాళ్లు. కిటికీ తలుపుకి వాలుగా చెక్క పలకలు బిగించేవాళ్లు. వెలుతురు ఆగుతుంది, గాలి మాత్రం వస్తుంది. అంటే చీకటి ఇంటితో పాటే వచ్చేదన్నమాట, విడిగా కొనాల్సిన పని లేదు. ఇప్పుడు మన ఫ్లాట్లలో చెక్క పోయింది, స్లైడింగ్ అద్దం వచ్చింది. అద్దం దుమ్మునీ చప్పుడునీ కొంత ఆపుతుంది గానీ వెలుతురుని ఆపదు కదా!

ఆ చెక్క తలుపు చేసిన పనే ఇప్పుడు ఈ కర్టెన్ చేస్తోంది. మరి దీనికి ఆ పేరెలా వచ్చింది? 1939 సెప్టెంబర్ 1. బ్రిటన్ ఇంకా యుద్ధం ప్రకటించలేదు, దానికి రెండు రోజుల ముందే దేశమంతా 'బ్లాకౌట్' పెట్టారు. శత్రు విమానాలకి ఊరు ఎక్కడుందో తెలియకూడదు. అందుకే ప్రతి ఇంటి కిటికీకి నల్లగుడ్డో, నల్లకాగితమో కట్టాలి. ఒక్క సందులోంచి వెలుగు కనిపించినా వార్డెన్లు వచ్చి అరిచేవాళ్లు.

అదంతా లండన్ సంగతి అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకి వెళ్లిపోయారు. మళ్లీ 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధం. 'ఘాజీ' సబ్‌మెరైన్ విశాఖ తీరం దగ్గరే మునిగిపోయింది. ఆ రోజుల్లో కిటికీలకి కాగితాలు అంటించడం, బండ్ల హెడ్‌లైట్లకి సగం నల్లరంగు పూయడం మీ తాతయ్యలకి గుర్తుండొచ్చు, ఒకసారి అడిగి చూడండి.

ఇక్కడే అసలు తమాషా ఉంది. అప్పుడు ఆ గుడ్డ లోపలి వెలుగు బయటికి పోకుండా ఆపేది. ఇప్పుడు అదే గుడ్డ బయటి వెలుగు లోపలికి రాకుండా ఆపుతోంది. దిశ తిరగబడింది. ఎందుకు? ఎండ ఎప్పుడూ ఉన్నదే. మారింది మన రాత్రి.

హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ పవర్ స్టేషన్ మొదలైంది 1920లో. అప్పటి నుంచి నగరంలో కరెంటు దీపాలు పెరుగుతూనే వచ్చాయి. మనం చిన్నప్పుడు చూసినవి నారింజ రంగు సోడియం దీపాలు. తర్వాత తెల్ల ఎల్ఈడీ వచ్చింది. దానికి దారి వేసిన నీలి ఎల్ఈడీని కనిపెట్టిన ముగ్గురు జపాన్ మూలాల శాస్త్రవేత్తలకి 2014లో నోబెల్ ఇచ్చారు. సరిగ్గా అదే అక్టోబర్ నెలలో హుద్‌హుద్ తుఫాను విశాఖని ఊడ్చేసింది. ఆ తర్వాత అక్కడ 90 వేలకు పైగా వీధిదీపాలు ఎల్ఈడీలుగా మారాయి. గ్రేటర్ హైదరాబాద్‌లో అయితే 4 లక్షలకు పైనే. కరెంటు ఆదా అయింది, రాత్రి ఒంటరిగా నడిచే అమ్మాయికి ధైర్యం వచ్చింది. కాబట్టి ఆ దీపాలు వద్దని నేను అనట్లేదు.

కానీ మామూలు తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలి చిప్పే. దాని మీద పసుపు పూత ఉంటుంది, రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. మన కంటి వెనక కొన్ని ప్రత్యేక కణాలున్నాయి, వాటి పని బొమ్మ చూడటం కాదు, "ఇప్పుడు పగలా, రాత్రా?" అని మెదడుకి చెప్పడం. అవి నేరుగా వెలుతురుకి స్పందిస్తాయని 2002లో తేలింది. వాటికి ఎక్కువగా తగిలేది నీలి వెలుగే. రెప్పలు మూసినా వెలుతురు కొంత లోపలికి పోతుంది. 2022లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 20 మంది ఆరోగ్యవంతులతో ఒక ప్రయోగం చేశారు. ఒక్క రాత్రి 100 లక్సుల వెలుతురులో పడుకున్న వాళ్లకి నిద్రలో గుండె వేగం పెరిగింది, పొద్దున్నే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయలేదు. చిన్న ప్రయోగమే. కానీ పోల్చి చూడండి: పున్నమి వెన్నెల అర లక్సు కూడా ఉండదు, మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. మా నాన్న పడుకునేది ఆ ఎండలో!

అందుకే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి కర్టెన్ తెచ్చాను. చిన్న చిట్కా: షాపులో గుడ్డ వెనక మీ ఫోన్ టార్చ్ పెట్టి చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే అది నల్లరంగు గుడ్డ మాత్రమే, బ్లాకౌట్ కాదు. అసలు బ్లాకౌట్‌లో పూతల మధ్య ఒక నల్ల పొర ఉంటుంది. ఇంకోటి, కిటికీ కంటే రెండు వైపులా జానెడు ఎక్కువ కొలత తీసుకోండి, వెలుతురు దూరేది పక్క సందుల్లోంచే. డబ్బులు లేకపోతే మందపాటి అట్టపెట్టె కోసి బిగించినా సరే. కాకపోతే గాలి ఆగిపోతుంది, ఎదురుగా ఉన్న తలుపు తీసి ఫ్యాన్ వేసుకోవాలి. మా నాయనమ్మ ఇంటి కాలంలో వాలు పలకలు చేసిన ఆ పనిని ఏ కర్టెనూ చేయలేదు.

మొదటి రోజు నాన్న మధ్యాహ్నం రెండు దాకా పడుకున్నాడు. అమ్మ రెండుసార్లు వచ్చి ఊపిరి ఆడుతోందా అని చూసింది. లేచాక ఆయన అన్నది ఒక్కటే: "పగటిని రాత్రి చేసినవ్ కద రా." షుగర్ మందులు మానలేదు, మానకూడదు కూడా. కానీ ఇప్పుడు డ్యూటీకి పోయేటప్పుడు బండి మీద తూగడం లేదు. నాకు అది చాలు.

చివరిగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటా. ఆ కర్టెన్ కట్టిన రాత్రి నేను అదే చీకట్లో ఒంటిగంట దాకా ఫోన్ చూస్తూ పడుకున్నాను. బయటి వెలుగుని ఆపడానికి గుడ్డ కొన్నా, చేతిలో ఉన్నదాన్ని ఆపడానికి ఏ వార్డెన్ వస్తాడు చెప్పండి? ఈ వీడియో రాత్రి పూట చూస్తుంటే, ఇక్కడితో ఆపేసి పడుకోండి. మీ ఇంట్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు ఉంటే, రేపు పగలు వాళ్ల కిటికీ ఒకసారి చూడండి. మళ్లీ కలుద్దాం.