మాటల్లేని సంగీతం, కుదుటపడే మనసు: ఆధారాలు ఎంతవరకు?

పియానో, వయొలిన్, చెల్లోల మీద నెమ్మదిగా సాగే సంగీతం వింటే మనసు తేలికపడుతుందని చాలామంది అనుభవం. నిద్ర కోసం కొందరు, చదువుకుంటూ కొందరు, ఆపరేషన్‌కు ముందు భయం తగ్గడానికి మరికొందరు వింటారు. ఈ ఉపశమనం వాద్యం వల్ల వస్తోందా, లయ వల్లనా, వినేవారి వల్లనా అన్నది ఇక్కడ ప్రశ్న.

నాదం పుట్టే తీరు

పియానో మీట నొక్కగానే ఫెల్టు తొడిగిన చిన్న సుత్తి తీగను తాకి వెనక్కి వచ్చేస్తుంది. తాకిన క్షణంలో నాదం హెచ్చుగా ఉండి, ఆపైన సన్నగిల్లుతూ పోతుంది. వయొలిన్ సంగతి వేరు. కమానును ఎంత ఒత్తాలో, ఎంత వేగంగా లాగాలో చేతిలో పని కాబట్టి, నాదం వినీవినబడనట్టు మొదలై నిండుగా పెరగగలదు. మనిషిని ఉలిక్కిపడేలా చేసేది హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దం. మెత్తగా, విలంబకాలంలో వాయిస్తే ఈ రెండింటిలోనూ ఆ బెడద ఉండదు. ద్రుతకాలంలో గట్టిగా వాయిస్తే మాత్రం ఇవే వాద్యాలు గుండెల్లో గుర్రాలు పరిగెత్తిస్తాయి. అంటే వాద్యం పేరు ఒక్కటే మనకు జవాబు చెప్పదు.

లయ, గుండె, శ్వాస

లూచియానో బెర్నార్డి బృందం 2006లో 'హార్ట్' వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. పాల్గొన్న 24 మందిలో సగం మంది సంగీతకారులు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, ర్యాప్, టెక్నో, భారతీయ రాగం సహా ఆరు రకాలు వినిపించారు. లయ వేగం హెచ్చినప్పుడు శ్వాస, గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. అంతకన్నా ఆసక్తికరమైనది మధ్యలో ఇచ్చిన 2 నిమిషాల విరామం. ఆ నిశ్శబ్దంలో గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలవకముందు ఉన్న స్థాయికంటే కిందికి దిగాయి. చిన్న అధ్యయనం కాబట్టి దీన్ని సూచనగా తీసుకోవాలే తప్ప సూత్రంగా కాదు.

ఆస్పత్రిలో

పెద్ద ఆధారం 2015లో 'లాన్సెట్'లో వచ్చింది. శస్త్రచికిత్స రోగులపై జరిగిన 70కి పైగా ట్రయల్స్‌ను, దాదాపు 7,000 మంది వివరాలను కలిపి చూస్తే, సంగీతం విన్నవారిలో నొప్పి, ఆందోళన, నొప్పి మందుల వాడకం తగ్గాయి. ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు మాత్రం తగ్గలేదు. ఏ సంగీతం ఎంచుకున్నారన్నదానితో ఫలితం పెద్దగా మారలేదు. కాబట్టి ఈ ఘనతను పియానోకో వయొలిన్‌కో కట్టబెట్టలేం. పైగా ఉత్తుత్తి మాత్ర ఇచ్చినట్టు, మెలకువగా ఉన్న రోగికి ఉత్తుత్తి సంగీతం వినిపించలేం. నొప్పి ఎంతో చెప్పేదీ రోగే. ఈ రెండూ ఫలితాన్ని కొంత పెంచి చూపే అవకాశం ఉంది.

మాట, విషాదం, ఆనందం

మాటల్లేకపోవడానికి ఒక విలువ ఉంది. సలామే, బాడ్లీ 1989లో ప్రచురించిన ప్రయోగాల్లో, అంకెలను వరుసగా గుర్తుపెట్టుకునే పనికి వాద్యసంగీతం కంటే గాత్రం ఎక్కువ అడ్డుపడింది. చదువుకునేవారు పాటకన్నా వాద్యాన్ని ఎంచుకోవడానికి ఇదొక కారణం కావచ్చు.

అయితే ప్రశాంతతకు 'సంతోషకరమైన' బాణీయే అక్కర్లేదు. స్వరకర్త ఎరిక్ సాటీ 1888లో పియానో కోసం రాసిన మొదటి 'జిమ్నోపెదీ'ని నేడు లక్షలమంది సాంత్వన కోసం వింటారు. స్వరపత్రం మీద ఆయన రాసిన సూచన 'నెమ్మదిగా, వేదనతో' అని!

పరవశం కూడా ప్రశాంతత కాదు. 2011లో 'నేచర్ న్యూరోసైన్స్'లో వచ్చిన పరిశోధనలో, తమకిష్టమైన వాద్యసంగీతం విని ఒళ్లు పులకరించినవారి మెదడులో డోపమైన్ విడుదలైంది. కానీ ఆ క్షణంలో వారి గుండె, శ్వాస వేగం పుంజుకున్నాయి.

ఇంతకూ తేలేది

నెమ్మదైన వాద్యసంగీతం ఆందోళనను కొంత తగ్గించగలదని నమ్మడానికి తగిన ఆధారం ఉంది. ఆ గుణం ఫలానా వాద్యానిదే అనడానికి లేదు. వైద్యుడు రాసిన మందుకు అది తోడు మాత్రమే, బదులు కాదు. ఫోన్‌లో ఒక బాణీ ముగియగానే మరొకటి దానంతటదే మొదలవుతుంది. దాన్ని ఆపి, రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. బెర్నార్డి ప్రయోగంలో గుండె నెమ్మదించింది అప్పుడే.