సూది దారి

సూది పోయినచో వెదకుట యెంత కష్టమో మన యిండ్లలో నెల్లరకును దెలియును. ఆ సూది యొంటిలోనే దిగి విఱిగినచో నేమి చేయవలెను? పూర్వము శస్త్రవైద్యుఁడు వ్రేలితో నదిమి చూచి, యూహపైఁ గోఁతపెట్టి, మాంసమును గెలకి వెదకవలసి వచ్చెడిది. నేఁడు నేను మీకు మనవి చేయఁబోవు కథ యిక్కడనే మొదలగుచున్నది.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్గెను పండితుఁడు ఎక్సు కిరణములను గనిపెట్టెను. రెండు నెలలు దాటెనో లేదో, 1896 జనవరి 11న ఇంగ్లండులోని బర్మింగుహాములో జాన్ హాల్ ఎడ్వర్డ్సు అను వైద్యుఁడు తన సహచరుని చేతికి ఛాయాచిత్రము తీసి, చర్మము క్రింద నున్న సూదిని జూపెను. ఫిబ్రవరి 14న ఆయన తీసిన చిత్రము శస్త్రచికిత్సకు మార్గము చూపెను.

అయితే ఛాయాచిత్రము చదునైనది. సూది కుడియెడమల నెక్కడ నున్నదో చెప్పును గాని, యెంత లోఁతున నున్నదో చెప్పదు. అందులకు మూఁడవ కొలత కావలెను. 1908లో లండనులో హార్స్‌లీ, క్లార్కు అనువారు జంతువుల తలకు బిగించెడి చట్రము నొకదానిని వర్ణించి ప్రకటించిరి. దానితో మూఁడు కొలతలు పట్టి సూదిని మెదడులోఁ గోరిన చోటికిఁ బంపవచ్చును. 1947లో ఫిలడెల్ఫియాలో స్పీగెలు, వైసిసు అనువారు ఎక్సు కిరణ చిత్రములను జోడించి యా పద్ధతిని మనుష్యులకు వినియోగించిరి. 1971 అక్టోబరు 1న లండనులో హౌన్సుఫీల్డు యంత్రము రోగి మెదడును బొరలుగాఁ జూపఁగా, లోఁతు కంటికే కానవచ్చెను. పోయిన సూదిని వెదకుటకుఁ బుట్టిన విద్య, సూదిని గుఱికిఁ బంపు విద్యగా మాఱెను.

దీనికి వెల లేకపోలేదు. ఆ కిరణములు మాంసమును దహించునని తొలిపనివా రెఱుఁగరు. హాల్ ఎడ్వర్డ్సు చేతులు పుండ్లుపడెను. 1908లో, ఆ చట్రము వెలువడిన యేఁటనే, ఆయన యెడమచేతిని దీసివేయవలసి వచ్చెను. ఒరుల చేతిలోని సూదిని జూపినవాఁడు తన చేతినే పోఁగొట్టుకొనెను. ఈ చరిత్రలో నాకు మఱపురానిది యిదియే.

1958లో గ్లాస్గో నగరమున ఇయన్ డోనాల్డు వైద్యుఁడును ఆయన సహచరులును ప్రకటించిన చిత్రములలో ఆ కిరణములే లేవు. చెవికి వినరాని ధ్వని లోపల తగిలి మరలివచ్చి బొమ్మ యగును. ఆ విధానమున సూది కదలుచుండఁగానే తెరపైఁ గనఁబడును. కాలేయములోని గడ్డ ఊపిరితోఁ బైకిఁ గ్రిందికిఁ గదలును గనుక, వైద్యుఁడు "ఊపిరి బిగఁబట్టుఁడు" అని చెప్పి, యా క్షణమున సూదిని దింపును. ఎక్సు కిరణములు కావలసినచోట నిప్పుడు సీసపుఁ గవచము ధరింతురు.

శ్రోతలారా! మీలో నెవరికైన నట్టి చికిత్స యవసరమైనపుడు, తెరపై మెఱయు నా సన్నని గీఁతను జూచి, దానికి దారి చూపి పోయిన యా చేతి నొక్కసారి తలఁచుకొనవలెనని నా మనవి.