భాషాపరిశోధనమునఁ బ్రశ్నపత్రరచన

ఒక భాషయందలి ప్రాంతభేదముల నెఱుఁగఁ గోరు పరిశోధకుఁడు ప్రతిగ్రామమునకును స్వయముగాఁ బోఁజాలఁడు. అందుచే నతఁడు ప్రశ్నపత్రము నాశ్రయించును. ప్రశ్న సరిగాఁ గూర్పఁబడనిచో వేలకొలఁది యుత్తరములు వచ్చినను బ్రయోజనము లేదు. భాషాపరిశీలనముల చరిత్ర యీ సంగతిని స్పష్టపఱుచుచున్నది.

1876-వ సంవత్సరమున గేయార్గ్ వెంకర్ అను జర్మను పండితుఁడు రైనునదీప్రాంతమునందలి పాఠశాలోపాధ్యాయులకు 42 చిన్నవాక్యములను బంపి, వానిని దమ గ్రామమువారి పలుకులోనికి మార్చి వ్రాయుఁ డని కోరెను. తరువాత 40 వాక్యములతోఁ గూర్పఁబడిన పత్రమునందును శీతకాలమున గాలి కెగురు నెండుటాకులు, పొయ్యిపైఁ గాఁగు పాలు మొదలగు నింటింట నెఱిఁగిన విషయములే కలవు. ఉపాధ్యాయుఁడు ధ్వనిశాస్త్ర మెఱుఁగ నక్కఱలేదు, వాడుకలిపియే చాలును. ఈ సౌకర్యమువలననే క్రమముగా 40,000లకు మించిన గ్రామములనుండి యుత్తరములు చేరెను. కాని వాడుకలిపి సూక్ష్మధ్వనిభేదములను జూపఁజాలదు. ఆ లోపమును దీర్చుటకు ఫ్రాన్సుదేశవిషయమున జిల్లియెరోను పండితుఁడు, ధ్వనుల గుర్తించుటలో నేర్పరియగు ఎడ్మోను నొక్కనినే 1897 మొదలు 1901 వఱకు 639 తావులకుఁ బంపెను. మొదటి పద్ధతియందు విస్తారమును, రెండవదానియందు సూక్ష్మతయు హెచ్చు.

భారతదేశమున గ్రియర్సను నిర్వహించిన భాషాపరిశీలనము మూఁడు విధములగు మచ్చులను గోరెను. మొదటిది బైబిలునందలి తప్పిపోయిన కుమారుని కథ. మూఁడు పురుషల సర్వనామములును, విభక్తులలోఁ బెక్కులును, మూఁడు కాలముల క్రియారూపములును నందు లభించుటచే నది గ్రహింపఁబడెను. భారతీయుల మనస్సు నొప్పించు మాటలు కొన్ని మార్పఁబడెను. అయినను ననువాదమున మూలభాషయొక్క నీడ పడక మానదు. కావున రెండవ మచ్చుగా స్థానికుల నోటినుండి గ్రహించిన కథయో పాటయో కోరఁబడెను. మూఁడవది 1866లో బంగాళ ఆసియాటిక్ సొసైటీకై సర్ జార్జి కాంబెల్ కూర్చిన పట్టికను బెంచి యేర్పఱచిన పదవాక్యావళి. ఒకదాని లోప మింకొకదానిచేఁ దీఱుటయే యీ యేర్పాటునందలి గుణము.

మద్రాసు రాజధానియు, హైదరాబాదు, మైసూరు సంస్థానములును నా పరిశీలనమునఁ జేరలేదు. 1906లో వెలువడిన నాలుగవ సంపుటమునఁ దెలుఁగునకుఁ జోటున్నను, దెలుఁగుసీమలోని పల్లెలను బ్రశ్నించుట జరుగలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలసిన మాండలికవృత్తిపదకోశపు వ్యవసాయసంపుట మా కొఱఁతను గొంత తీర్చెను.

ఇట్టి పనియందుఁ బ్రశ్న యడుగు తీరే ముఖ్యము. "మీ యూర నాఁగలి నేమందురు?" అని యడిగినచో, మడక యని వాడు రాయలసీమ రైతు, ప్రశ్నించువాని మాట చదువుకొన్నవారి మాట యని గౌరవించి, దానినే తిరిగి చెప్పవచ్చును. "ఎద్దులఁ గట్టి నేల దున్ను పనిముట్టు పేరేమి?" యని యడిగినచోఁ దన మాటయే చెప్పును. మేడి, కఱ్ఱు, కాఁడి యనువాని నొక్క ప్రశ్నలోఁ జేర్చి యడిగినచో నొకటి చెప్పి తక్కినవి విడుచును. వేర్వేఱుగా నడిగినచో నన్నియు లభించును. ఉత్తర మిచ్చువాని శ్రమను దగ్గించి, యతని మాట నతనికే విడిచిపెట్టు ప్రశ్నయే మంచి ప్రశ్న. అట్లు కాని ప్రశ్నపత్రమునకు వచ్చు నుత్తరములలో వినఁబడునది పల్లెవాని పలుకు గాదు, పరిశోధకుని పలుకే.